నీళ్లు లేని చెరువును చూడబోయిన ఆదివారం

నేను పుట్టి పెరిగింది మలేషియాలో. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అక్కడి రబ్బరు తోటల్లో కూలికి వెళ్ళాడట. రబ్బరు పోయి పామాయిల్ వచ్చినా మావాళ్లు తోటను వదల్లేదు, ఇంట్లో తెలుగునూ వదల్లేదు. అయితే అది ముత్తాతతో పాటు ఓడెక్కిన తెలుగు. ఆదివారం బడిలో నేర్చుకున్న పుస్తకాల తెలుగు దానికి తోడైంది. ఆ రెండూ కలిపి నేను మాట్లాడితే అనంతపురంలో ఆటోవాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు.

అనంతపురానికి నేను ఇంగ్లీషు టీచరుగా వచ్చాను. రాప్తాడు దాటాక హైవేకి కాస్త లోపలగా ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడి. రెండేళ్ల ఒప్పందం. పేరుకు మా పెద్దల దేశమే గాని, వీసా మీద వచ్చినదాన్ని కదా, నాకది పరదేశమే. పిల్లలు నన్ను ఫారిన్ మేడం అనేవాళ్లు. నా మాటలు పట్టుకుని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

మా ఊళ్లో మధ్యాహ్నమైతే వాన పడాల్సిందే. గొడుగు లేకుండా బడికి వెళ్ళిన రోజు నాకు గుర్తు లేదు. ఇక్కడ జూలై వచ్చినా చుక్క పడలేదు. పడమటి నుంచి మబ్బులు గుంపులుగా వచ్చేవి, మా బడి మీద ఒక్క క్షణం కూడా ఆగకుండా తూర్పుకు పోయేవి. వాటి కింద ఒకటే గాలి. తలుపులు కొట్టుకునేవి, ఆరేసిన బట్టలు ముళ్లకంచెకు పోయి చిక్కుకునేవి, అన్నంలో మట్టి తగిలేది. శనక్కాయ విత్తనాలు పల్లెల్లో మూటలు విప్పకుండా అలాగే ఉన్నాయి. పదును వాన పడితే గాని ఎవరూ విత్తరు. అందుకని మగవాళ్లంతా పని లేక అరుగుల మీద కూర్చుని ఉన్న నెల అది. అందరి చేతుల్లోనూ ఫోన్లు.

ఆ నెలలోనే ఆ వీడియోలు మొదలయ్యాయి. మా హాస్టల్ వార్డెన్, బత్తలపల్లి నుంచి వచ్చిన పెద్దావిడ, ఒక సాయంత్రం తన ఫోను నా ముందు పెట్టింది.

"చూడండి మ్యాడం. పిల్లోళ్లను ఎత్తకపోయేటోళ్లు మన జిల్లాలో దిగినారంట. ఆడోళ్లు గూడా ఉండారంట వాళ్లల్లో. చాక్లెట్లు ఇచ్చి మత్తుమందు పెడతారంట."

వీడియోలో ఏదో సందు, మోటారు సైకిలు మీద ఇద్దరు, ఒక చిన్నపిల్లవాడు. వెనక దుకాణం బోర్డు మీద అక్షరాలు ఏ భాషవో గాని తెలుగు కాదు. "ఇది ఇక్కడిది కాదండి, ఎవరో ఊరికే పంపుతున్నారు" అన్నాను.

"అట్లనా" అంది. ఆ రాత్రి గేటుకు రెండో తాళం వేయించింది.

తర్వాత వచ్చిన ఆదివారం నాకు నీళ్లు చూడాలనిపించింది. అంతకు మించి కారణం లేదు. ఫోనులో మ్యాపు తెరిచి జిల్లా అంతా వెతికితే, మడకశిర అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా పెద్ద నీలం మచ్చ కనిపించింది. చెరువు. ఒడ్డున కాసేపు కూర్చుని సాయంత్రానికి తిరిగి వద్దామనుకున్నాను. సంచిలో నీళ్ల సీసా, బిస్కెట్లు, టోపీ పెట్టుకున్నాను. క్లాసులో బాగా చదివిన పిల్లలకు ఇచ్చే చాక్లెట్ల ప్యాకెట్టు, అక్షరాల అట్టలు అందులోనే ఉండిపోయాయి. తీయాలని తోచలేదు.

"ఈ గాలిలో ఒక్కరే యాడికి మ్యాడం? పోవాకండి" అంది వార్డెన్.

"చీకటి పడేలోపు వచ్చేస్తానండి."

బస్సులో పెనుకొండ దాకా నా పక్క సీటు ఖాళీ. అక్కడ ఒకావిడ ఎక్కి కూర్చుంది. నలభై దాటిన మనిషి. వేళ్ల చివర్లు ఎర్రరంగు పట్టి ఉన్నాయి. ధర్మవరంలో మగ్గాల ఇంటి కోడలట, పుట్టింటికి పోతోందట. కూర్చోగానే అడగడం మొదలుపెట్టింది.

"యాడికి పోతాండావు పాపా?"

చెప్పాను.

"మా ఊరి పక్కకే! నీ తెలుగేందో వేరేగా ఉండాదే. యా ఊరు మీది?"

"మలేషియా అండి."

"ఆడ తెలుగోళ్లు ఉండారా?"

ఎవరైనా నా సంగతి అడిగితే నాకు ప్రాణం లేచొచ్చేది. ముత్తాతతో మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆవిడ నా మొహంలోకే చూస్తూ వింది. మధ్యలో ఒక్కసారి కూడా ఊఁ కొట్టలేదు.

"తోడెవురూ రాలేదా?"

"లేదండి."

"ఎవురింటికి పోతాండావు?"

"ఎవరింటికీ కాదు. చెరువు చూద్దామని."

"చెరువా? అది ఎండి ఎన్నేండ్లాయనో. నీళ్లు యాడుండాయి?"

"మ్యాపులో ఉన్నాయండి" అని ఫోను చూపించాను. ఆవిడ నీలం మచ్చను చూసింది, నన్ను చూసింది, తర్వాత తెరిచి ఉన్న నా సంచిలోకి చూసింది.

"ఆ చాక్లెట్లు ఎవురికి?"

"పిల్లలకి" అన్నాను.

నా ఉద్దేశంలో మా క్లాసు పిల్లలు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. కింద పెట్టిన తన సంచిని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. అలసిపోయిందేమో అనుకుని నేను కిటికీ వైపు తిరిగాను. బయట ఎర్రటి దుక్కులు, బండల గుట్టలు, వాటి మీద తిరుగుతున్న గాలిమరలు.

మడకశిరలో దిగి షేర్ ఆటో ఎక్కాను. ఆవిడా అదే ఆటో ఎక్కింది, కానీ వెనక చోటు ఉన్నా ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. ఇద్దరూ కన్నడంలో తగ్గు గొంతుతో మాట్లాడుకున్నారు. డ్రైవరు అద్దం సర్దుకుని నన్ను చూశాడు. నేను నవ్వాను. అతను చూపు తిప్పుకోలేదు. ఊరి మలుపులో ఇద్దరం దిగాం. "వస్తానండి" అన్నాను. ఆవిడ వెనక్కి చూడకుండా ఊళ్లోకి గబగబా నడిచి పోయింది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను.

కట్ట ఎక్కాను. ఎదురుగా చూపు ఆనినంత మేర బూడిదరంగు నేల. మట్టి పెచ్చులు పెచ్చులుగా లేచి అంచులు పైకి ముడుచుకుని ఉంది. అక్కడక్కడా కంపచెట్లు. తూము రాళ్లు నిలువునా బయటపడి ఉన్నాయి. ఒకప్పుడు నీళ్లు నిలిచిన గీత వాటి మీద నా తలకంటే ఎత్తులో ఉంది. అంత దూరం వచ్చి తిరిగిపోవడానికి మనసొప్పక లోపలికి దిగాను. కాలి కింద పెచ్చులు అప్పడాల్లా విరుగుతున్నాయి. గాలి అరుపు తప్ప ఇంకో చప్పుడు లేదు. పైన మబ్బులు పోతున్నాయి. వాటి నీడలు నా మీదుగా, చెరువు మీదుగా అంత వేగంతోనే పోతున్నాయి.

ఫోను తీశాను. సిగ్నల్ లేదు.

కట్ట మీద ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. ఇద్దరు మగవాళ్లు. ఇంజను ఆపకుండా నా వైపే చూస్తున్నారు. ఒకతను ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. చెయ్యి ఊపాను. వాళ్లు ఊపలేదు. కాసేపటికి బండి తిప్పుకుని పోయారు. ఇక వెళ్లిపోవడం మంచిదనిపించి మళ్ళాను.

అప్పుడే ఏడుపు వినిపించింది. కంపచెట్టు వెనక అయిదారేళ్ల పాప, దూరంగా రెండు మేకలు. పాప కాలు పట్టుకుని కూర్చుని ఉంది. అరికాల్లో కంపముల్లు దిగి విరిగింది. దుపట్టాకు పెట్టుకున్న పిన్నీసు తీసి, పాప కాలు ఒళ్లో పెట్టుకుని కెలికాను. పాప గొంతు చించుకుని అరిచింది. గాలి ఊరి వైపే వీస్తోంది. ముల్లు బయటికి వచ్చింది, వెంట కాస్త నెత్తురు. సీసాలో నీళ్లతో కడిగి చాక్లెట్ ఇచ్చాను. ఏడుపు ఆపి నోట్లో వేసుకుంది.

"మీ ఇల్లెక్కడమ్మా?"

"ఆడ" అని చెయ్యి ఊపింది. ఆ ఊపు ఎటైనా కావచ్చు.

కాలు కింద పెట్టలేకపోతోంది. ఎత్తుకున్నాను. పాప "మేకలు?" అంది. తర్వాత చూద్దామన్నాను. కట్ట దాటి అడ్డంగా పోతే ఊరు దగ్గరేనని నాకు తెలియదు. నేను వచ్చింది తారురోడ్డు వైపు నుంచి, ఊరి దారి అక్కడే మొదలవుతుందనుకుని రోడ్డు వైపు నడిచాను. కట్ట మీది నుంచి చూసేవాళ్లకు కనిపించింది ఇదే: బిడ్డ అరుపు, తర్వాత ముక్కూ మొహం తెలియని ఆడమనిషి ఆ బిడ్డను చంకనేసుకుని ఊరికి దూరంగా రోడ్డెక్కడం.

మూడు బండ్లు దుమ్ము రేపుకుంటూ వచ్చాయి. ముందున్నతను దిగీ దిగకుండానే పాపను లాక్కున్నాడు.

"యాడికి ఎత్తకపోతాండావే బిడ్డను?"

భయం వేస్తే ఎవరికైనా ఇంటి భాషే వస్తుందేమో. బడి తెలుగు మొత్తం మర్చిపోయాను.

"గుంటని నేనేం చెయ్యలేదండి! గుంట ఏడుస్తుంటే..."

మా ఇంట్లో గుంట అంటే చిన్నపిల్ల. అక్కడ గుంట అంటే గొయ్యి.

"గుంటనా? యా గుంట? యాడ తవ్వినావు గుంట?"

"కాదండి, గుంట... ఈ పాప..."

అప్పటికే వెనకనున్నవాడు, ఊళ్లోంచి పరుగెత్తుకొస్తున్నవాళ్లకు వినబడేలా అరిచాడు: "చెర్లో గుంట తవ్వి పెట్టినారంటప్పా!"

సంచి బోర్లించారు. చాక్లెట్లు పడ్డాయి. అక్షరాల అట్టలు గాలికి లేచి చెరువులోకి ఎగిరిపోయాయి. పాస్‌పోర్టు నకలు ఒకతను అటూ ఇటూ తిప్పి చూసి, దేశం గాని దేశపు కాగితం అన్నాడు. ఫోను నా చేతే తెరిపించారు. మా పిల్లల ఫోటోలు: వరసలో నిలబడినవి, జడలు వేసుకుంటున్నవి, నిద్రపోతుంటే నవ్వుకోవడానికి తీసినవి.

"ఎంతమంది ఆడపిల్లోళ్లో చూడప్పా" అన్నాడతను మెల్లగా. ఆ మెల్లదనానికే నాకు ఎక్కువ భయమేసింది.

"నేను టీచర్నండి. మా బడికి ఫోన్ చెయ్యండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

"టీచరు మాట్లాడే తెలుగేనా ఇది?"

వెనక నుంచి ఒక చెయ్యి నా జుట్టు పట్టి లాగింది. ఆడ చెయ్యి. గాజులు చెవికి గుచ్చుకున్నాయి. అలాగే ఊళ్లోకి నడిపించారు. పాల కేంద్రం ముందు కరెంటు స్తంభం ఉంది. గుంపులో ఎవరో కన్నడంలో "కట్టి హాక్రి" అన్నారు. ఆ రెండు మాటలూ నాకు అర్థమయ్యాయి. నా దుపట్టాతోనే నా చేతులు వెనక్కి విరిచి స్తంభానికి కట్టారు. ఎదురుగా ఫోన్లు లేచాయి. ఒక ముసలాయన నా కళ్లలోకి చూసి, ఉమ్మి, పక్కకు పోయి నిలబడ్డాడు. ఎవరూ నాతో మాట్లాడటం లేదు, నా గురించి మాట్లాడుకుంటున్నారు.

గుంపులోంచి బస్సులో నా పక్కన కూర్చున్నావిడ వచ్చింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"అక్కా! మీకు నేను తెలుసు కదక్కా, చెప్పండక్కా!"

ఆవిడ చెప్పింది. నాకు కాదు, వాళ్లకు.

"ఈమేనప్పా. బస్సులో చాక్లెట్లు పిల్లోళ్లకని ఈమే చెప్పినాది. చెరువు చూసేకి వచ్చినానంది. నీళ్లు లేని చెరువును ఎవురు చూస్తారప్పా? అందుకే ఊర్లోకి వస్తానే మీకు చెప్పినా."

అప్పుడు తెలిసింది, నేను కట్ట ఎక్కకముందే ఊరికి నా కబురు అందిందని. ఆ బండి మీద ఇద్దరు నా కోసమే వచ్చారు.

చెంప మీద ఒక దెబ్బ పడింది. తర్వాత వీపు మీద. కట్టెతో ఒకతను ముందుకు వచ్చాడు. పక్కన ఎవరో పాప నోట్లో వేలు పెట్టి చాక్లెట్ బయటికి లాగారు, మత్తుమందని. పాప గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపుకు గుంపు మొత్తం ఒక్కసారి ముందుకు కదిలింది. ధర్మవరం ఆవిడ పాపను తన చేతుల్లోకి తీసుకుంది, కక్కించడానికి కాబోలు. పాప కాలు చూసింది. అరికాలు వెలుగుకు తిప్పింది.

"ఏం చేసినాదే నిన్ను?"

"ముల్లు తీసినాది" అంది పాప వెక్కుతూ.

ఆ మాట నేను విన్నాను, ఆవిడ వింది. ఇంకెవరూ వినలేదు. ఆవిడ పాపను కిందికి దించి, నేరుగా స్తంభం దగ్గరికి వచ్చి, ముడి విప్పడం మొదలుపెట్టింది.

"ఏమక్కా, ఏం చేస్తాండావు?" గుంపులోంచి ఒకతను అరిచాడు. అతను ఆవిడ తమ్ముడు.

"స్టేషన్‌కు ఫోన్ చేయండప్పా. పోలీసోళ్లు వచ్చేదాకా నా కాడ ఉంటాది."

"పోలీసోళ్లు దుడ్లు తీసుకొని ఇడిసిపెడతారు. ఈడనే తేల్చాల!"

"బిడ్డ కాల్లో ముల్లు తీసినాదంట, చూడండప్పా!"

"నువ్వే గదా చెప్పింది దొంగదని!"

"చెప్పినా! ఇప్పుడు ఆగమంటాండా!"

ముడి రాకపోతే పళ్లతో లాగింది. నా మణికట్టు పట్టుకుని గుంపులోంచి అడ్డంగా లాక్కుపోయింది. ఎక్కడి నుంచో రాయి వచ్చి చెవి పైన తగిలింది. మెడ మీదికి వెచ్చగా కారింది. పక్క సందులోనే వాళ్ల పుట్టిల్లు. ఇంట్లోకి పోలేదు, ఇంటి వెనక రేకుల షెడ్డులోకి నన్ను తోసి, తనూ దూరి గడియ పెట్టింది. తలుపుకు వీపు ఆనించి కూలబడింది.

అది పట్టుపురుగుల షెడ్డు. తట్టల మీద తట్టలు, వాటి నిండా మల్బరీ ఆకులు, ఆకుల నిండా వేలెడంత తెల్లటి పురుగులు. పరాయివాళ్లను అందులోకి అడుగుపెట్టనివ్వరు. పురుగులకు రోగం తగులుతుందని భయం. గడపలో చల్లిన సున్నం మీద నా చెప్పుల అచ్చులు పడ్డాయి.

తలుపు దడదడలాడింది. కిటికీ వల మీద రాయి పడింది. బయట తమ్ముడి గొంతు, ఈసారి వేరే రకంగా:

"రాళ్లు వేయాకండప్పా! పురుగులు నాలుగో జ్వరం లేసినాయి, ఇంగ గూడు కట్టేకి వస్తాండాయి. షెడ్డు తెరిస్తే నా పంటంతా పోతాది!"

పట్టుపురుగు కుబుసం విడవడాన్ని వాళ్లు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే పంట చేతికి వచ్చినట్టే. ఊళ్లో ఆ నెలలో ఎవరికైనా చేతికందే పంట ఉందంటే అదొక్కటే. తలుపు మీద దెబ్బలు తగ్గాయి. వాళ్లు పోలేదు, షెడ్డు చుట్టూ నిలబడ్డారు. వల సందుల్లోంచి చొక్కాల రంగులు కదులుతూ కనిపించేవి. అరుపులు ఆగినప్పుడల్లా లోపల ఒక చప్పుడు వినిపించేది, ఆకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు. వాన మొదలైందనుకుని ఒకసారి పైకి కూడా చూశాను. అది వేల పురుగులు ఆకు తింటున్న చప్పుడు.

ఆవిడ కొంగు చించి నా చెవి పైన అదిమి పట్టమంది.

"నిజం చెప్పు. ఎవురు నువ్వు?"

"బస్సులో చెప్పిందే నిజమక్కా."

"మీ నాయన ఏం చేస్తాడు?"

"పామాయిల్ తోటలో లారీ నడుపుతాడు."

"నీళ్లు చూసేకి ఇంత దూరం వచ్చినావా?"

"అవును."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నాకు ఇప్పుడు గూడా పూర్తిగా నమ్మకం రాలే. అబద్ధం ఎందుకు చెప్పాల. కానీ నేను చెప్పిన మాటకు ఒక మనిషిని నా కండ్ల ముందర కొట్టి చంపుతా ఉంటే ఎట్ల చూస్తా?"

బయట ఎవరో తన పేరు పెట్టి తిట్టారు. ఆవిడ కళ్లు మూసుకుంది.

"పాప ఎవరి పిల్ల అక్కా?" అని అడిగాను.

"మా చిన్నాయన మనవరాలు. వాళ్లమ్మ బెంగళూరులో బిల్డింగు పనికి పోయింది. పిల్ల ఇట్లనే ఒక్కటే తిరుగుతా ఉంటాది. మాకు భయం ఉండదా, నువ్వే చెప్పు."

ఆ భయం అబద్ధం కాదు.

ఎండ వాలే వేళకు జీపు వచ్చింది. ఎవరు ఫోన్ చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. తలుపు తీసేసరికి గుంపు వెనక్కి జరిగి దారి ఇచ్చింది. పోలీసులు నా దగ్గర మా బడి ఫోను నంబరు తీసుకుని, సిగ్నల్ ఉన్న చోటికి పోయి మా హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడి వచ్చారు. "టీచరమ్మేనప్పా" అని వాళ్లలో పెద్దాయన గట్టిగా అన్నాడు. కట్టె పట్టుకున్నతను కట్టె గోడకు ఆనించి దుమ్ము దులుపుకున్నాడు. నా ఫోను తెచ్చి ఇచ్చినతను "ఏమనుకోవద్దు మ్యాడం, మా పిల్లోళ్ల కోసరం" అన్నాడు. ఫోను అద్దం పగిలి ఉంది.

పోలీసాయన నన్నే కసిరాడు: "ఈ టైములో ఒంటరిగా పల్లెల్లో తిరగొచ్చునామ్మా మీరు?"

జీపు ఎక్కేముందు ఆవిడ కోసం చూశాను. షెడ్డు గడపలో వంగి, నా చెప్పుల అచ్చుల మీద మళ్లీ సున్నం చల్లుతోంది. తమ్ముడు పక్కన నిలబడి ఏదో అంటున్నాడు. ఆవిడ తల ఎత్తలేదు.

మడకశిర స్టేషనుకు హెడ్‌మిస్ట్రెస్ కారు తీసుకుని వచ్చింది. ఆసుపత్రిలో చెవి పైన కుట్లు వేశారు. హాస్టల్ చేరేసరికి వార్డెన్ గేటు దగ్గరే నిలబడి ఉంది. తన ఫోను చూపించింది. అందులో నేను. స్తంభానికి కట్టేసి, జుట్టు మొహం మీద పడి, నోరు తెరిచి ఏదో అంటున్నాను. గాలి హోరులో మాట వినబడటం లేదు. కింద రాసి ఉంది: పిల్లలను ఎత్తుకుపోయే ఆడది దొరికింది, అందరికీ పంపండి.

"మీరని నాకు ఎట్ల తెలుస్తాది మ్యాడం" అంది వార్డెన్. "నేను గూడా నలుగురికి పంపిచ్చినా."

ఆ వారంలోనే ఇద్దరు తండ్రులు వచ్చి తమ పిల్లలను ఇంటికి తీసుకుపోయారు. హెడ్‌మిస్ట్రెస్ నిజమేమిటో ఎంత చెప్పినా, ఒకాయన నన్ను చూస్తూ, "నిప్పు లేకుండానేనా మేడం" అన్నాడు. క్లాసులో పిల్లలు మునుపటిలాగే ఉన్నారు, కానీ నా మాటలకు నవ్వడం మానేశారు. నేనూ మాటలు చూసుకుని మాట్లాడటం మొదలుపెట్టాను. గుంట అనే మాట నా నోటి నుంచి మళ్లీ రాలేదు, అమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు కూడా.

అమ్మకు నేనేమీ చెప్పలేదు. నెల తిరిగేలోపు మా పిన్ని మలేషియా నుంచి నాకొక వీడియో పంపింది. "ఇండియాలో ఇలాంటివాళ్లు తిరుగుతున్నారట, నువ్వు జాగ్రత్తే" అని రాసింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. వీడియోలో నా మొహం గుర్తుపట్టలేదు. జాగ్రత్తగానే ఉన్నానని జవాబిచ్చాను.

తర్వాత బస్సు ఎక్కాలంటే ఎవరినైనా తోడు తీసుకెళ్లేదాన్ని. ఒకసారి అనంతపురం బస్టాండులో టీ తాగుతుంటే ఎదుటి బల్ల మీద కూర్చున్నతను ఫోను చూసి నన్ను చూశాడు, మళ్లీ ఫోను చూశాడు. అతను క్రికెట్ స్కోరు చూస్తూ ఉండవచ్చు. గ్లాసు అక్కడే పెట్టి, వార్డెన్ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

వానలు సెప్టెంబరులో రెండే రెండు పడ్డాయి. ఆ నెలలోనే ఒక సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ధర్మవరం ఆవిడ. హెడ్‌మిస్ట్రెస్ దగ్గర నా నంబరు తీసుకుందట.

"తల నయమాయనా పాపా?"

"అయిందక్కా. మీ తమ్ముడి పంట?"

"పురుగులకేం కాలే. బాగానే వచ్చినాది." వెనక మగ్గం చప్పుడు వినిపిస్తోంది. "నీకు చెప్పాలో లేదో నాకు తెలీదు. మా ఊరికి అవతల, కర్ణాటక పక్క ఊర్లో మొన్న ఒకాయన్ని పట్టుకున్నారు. అడుక్కునే మనిషంట. మతి సరిగా లేదంట. మన భాష గాదు, కన్నడం గాదు, ఏందో మాట్లాడినాడంట."

"ఏమైందక్కా?"

"పోయినాడు."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మా ఊరోళ్లు గూడా పోయినారు చూసేకి" అంది. "మా తమ్ముడు పోలే. ఇంట్లోనే కూర్చున్యాడు. అన్నం తినలే ఆ పొద్దు."

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. అటువైపు ఎవరో పిలిచారు. "పెట్టేస్తాండా పాపా" అని పెట్టేసింది. కింద భోజనాల గంట కొట్టారు. పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు. ఆ రోజు వడ్డన వంతు నాది. మెట్లు దిగి వెళ్లి సాంబారు బకెట్టు అందుకున్నాను.